తప్పు జరిగిన చోటు, తప్పు కనబడిన చోటు

(స్వర్ణోత్సవ సభల రెండో రోజు ఉదయం మన బడి హాల్లో చేసిన ప్రసంగం. ఆ రోజు బోర్డు మీద రాసి చూపించిన ప్రోగ్రాములను ఇక్కడ మాటల్లోకి మార్చాను.)

 

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "నువ్వు సాయంత్రాలు చేసే ఆ కంపైలర్ పనేమిటో అరగంటలో చెప్పు. ఇంజనీరింగ్ చదివే మన పిల్లలు ముప్పై మంది దాకా వస్తున్నారు, కొందరు ఆ పనిలో చేరతామంటున్నారు. వాళ్లకి పనికొచ్చేట్టు ఉండాలి. మాస్టార్లకి నిద్ర రాకూడదు" అన్నారు. రెండు షరతులూ ఒకేసారి తీర్చడం కష్టమే. నిద్ర వస్తే తప్పు నాది.

మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రానికి తెలిసిన అంకెల భాషలోకి మార్చిపెట్టేది కంపైలర్. 1957లో ఐబీఎమ్‌లో జాన్ బేకస్ బృందం ఫోర్ట్రాన్ కంపైలర్ బయటికి తెచ్చినప్పుడు దాని వెనక 18 మనిషి-ఏళ్ల శ్రమ ఉందని లెక్క. ఇవాళ అలాంటి చిన్న కంపైలర్‌ని బీటెక్ పిల్లలు ఒక సెమిస్టరులో రాస్తున్నారు. నేను పనిచేసేది రస్ట్ అనే భాష కంపైలర్ మీద. 2006లో గ్రేడన్ హోర్ అనే ఆయన సొంత సరదాగా మొదలుపెట్టిన భాష అది. ఆయన పనిచేసే మొజిల్లా సంస్థ తర్వాత దాన్ని చేరదీసింది. 2015 మే 15న మొదటి పక్కా విడుదల వచ్చింది. 2022 డిసెంబరులో వచ్చిన లినక్స్ 6.1 కెర్నల్‌లో రస్ట్‌కి చోటు దొరికింది. దాని కంపైలర్ మూలం ఎవరైనా చదవచ్చు, మార్చి పంపించవచ్చు. నాకు జీతమిచ్చే ఉద్యోగం వేరే ఉంది. ఇది రాత్రి భోజనమయ్యాక చేసే పని.

ఇందులోకి నేనెందుకు వచ్చానో చెప్పాలంటే ముందు మా వాడి సంగతి చెప్పాలి. వాడు ఈ హాల్లోనే ఉన్నాడు. అనుమతి తీసుకునే చెబుతున్నాను.

ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా మేమిద్దరం ఒకే బెంచీ. 1988లో ఇద్దరం ఒకే ఇంజనీరింగ్ కాలేజీలో చేరాం. కంప్యూటర్ ల్యాబ్ అంటే అప్పట్లో గర్భగుడి. చెప్పులు బయట విప్పాలి, లోపల ఏసీ, ముగ్గురికి ఒక యంత్రం, వారానికి ఒక గంట. మా వాడు మార్కులు కూడే చిన్న ప్రోగ్రాము పాస్కల్‌లో రాశాడు. కంపైల్ చేస్తే 13వ గీత దగ్గర కర్సర్ ఆగి, సెమికోలన్ ఉండాలి అని ఇంగ్లీషులో ఒక ముక్క వచ్చింది. 13వ గీతలో సెమికోలన్ ఉంది. వాడు చూశాడు, నేను చూశాను, ల్యాబ్ అసిస్టెంటూ చూశాడు. ఉంది. గీత చెరిపి మళ్లీ కొట్టాడు. అదే మాట. గంట అయిపోయింది. మళ్లీ వారం ఇంకో గంట, మళ్లీ అదే మాట. తెలుగు మీడియం నుంచి వెళ్లినవాళ్లం. ఆ ఇంగ్లీషు ముక్కలో మనకు తెలియని ఇంకేదో అర్థం ఉందేమోనని అనుమానం. మూడో వారం వాడు, "ఒరేయ్, ఇది మనలాంటివాళ్ల చదువు కాదురా" అన్నాడు. రెండో ఏడు సివిల్‌కి మారిపోయాడు. మనం కూర్చున్న ఈ హాలు స్లాబు వేయించింది వాడే. కాబట్టి బడికి నష్టమేమీ జరగలేదు. కానీ లెక్కల్లో నాకంటే ఎప్పుడూ పది మార్కులు ఎక్కువ తెచ్చుకున్నవాడు, లేని సెమికోలన్ తప్పు చోట చూపించినందుకు ఒక చదువు వదిలేశాడు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

తప్పు 12వ గీత చివర ఉంది. మరి కంపైలర్ 13 అని ఎందుకు అంది? అది తెలియాలంటే దాని లోపలికి వెళ్లాలి.

మన తెలుగు మాస్టారు పద్యం ఎలా చెప్పేవారో గుర్తుందా? పద్యం బోర్డు మీద రాసి, అర్థం జోలికి పోకుండా ముందు పదాలు విడగొట్టమనేవారు. సంధి ఎక్కడుందో చూడకుండా విడగొడితే సుద్దముక్క నెత్తిమీద పడేది. తర్వాత అన్వయక్రమం: కర్త ఏది, క్రియ ఏది, ఈ విశేషణం ఎవరిది. ఆ తర్వాత ప్రతిపదార్థం. అన్నీ అయ్యాకే తాత్పర్యం. మధ్యలో ఎవరైనా తాత్పర్యంలోకి దూకితే, "ఆగు నాయనా, కర్త ఎవరో తేలకుండా తాత్పర్యం ఎక్కడిది?" అనేవారు. ఆయన చెప్పింది కంపైలర్ పాఠమని నాకు ఇరవై ఏళ్ల తర్వాత తెలిసింది.

కంపైలర్‌లో పదాలు విడగొట్టేదాన్ని లెక్సర్ అంటారు. 'లెట్ మార్కులు సమానం 35 సెమికోలన్' అన్న గీతను అది ఐదు ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలు టోకెన్లు. ఖాళీలు, కొత్త గీతలు అక్కడితో పోతాయి, తర్వాతి వాళ్లకు వాటితో పనిలేదు. (పేరు తెలుగులో పెట్టవచ్చా అని అడగబోతున్నారు. 2021 జూన్‌లో వచ్చిన 1.53 నుంచి పెట్టవచ్చు.) లెక్సర్ కళ్లు కూడా చురుకే. పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన ప్రోగ్రాములో వంకర కొటేషన్ గుర్తులు వచ్చిపడితే, ఇది చూడటానికి మామూలు కొటేషన్ గుర్తులా ఉంది గాని అది కాదు అని చెబుతుంది. అలా ఒకదానిలా ఇంకొకటి కనిపించే అక్షరాల పట్టిక ఒకటి దాని దగ్గర ఉంది.

తర్వాత అన్వయం. ఇది చేసేది పార్సర్. టోకెన్లను ఒక్కొక్కటే తీసుకుని చెట్టులా పేరుస్తుంది. మన శాస్త్రాల్లో వాక్యానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉండాలన్నారు. 'రాముడు పుస్తకాన్ని' అని ఆపేస్తే వినేవాడు ఇంకో మాట కోసం ఎదురుచూస్తాడు, అది ఆకాంక్ష. పార్సర్ బతుకంతా ఆకాంక్షే. ప్రతి అడుగులో, ఇప్పుడు ఏయే టోకెన్లు రావచ్చు అన్న జాబితాతో నిలబడి ఉంటుంది.

(ఇక్కడ చిన్న మాట. పాణినికి, కంపైలర్లకు సంబంధం గురించి వాట్సాప్‌లో వచ్చేవన్నీ నమ్మకండి. నిజంగా జరిగింది ఏమిటంటే, భాషా వ్యాకరణాలు రాసే బేకస్ పద్ధతికి పాణిని పేరు కూడా కలపాలని 1967లో ఇంగర్‌మన్ అనే ఆయన ఒక పత్రికకు ఉత్తరం రాశాడు. అది చాలు మనకి, మిగతా గాలి కబుర్లు అక్కర్లేదు.)

ఇప్పుడు మా వాడి 12వ గీత చూడండి. ఆఖరి పదం అయిపోయింది. పార్సర్ సెమికోలన్ కోసమో, ప్లస్ లాంటి గుర్తు కోసమో ఎదురుచూస్తోంది. గీత అయిపోయిందన్న సంగతి దానికి తెలియదు, కొత్త గీతల్ని లెక్సర్ ముందే తీసేసింది కదా. అందుకని 13వ గీత మొదటి పదం అందుకుంది. అప్పుడు తెలిసింది, ఇది రావాల్సింది కాదని. తప్పు జరిగింది 12లో, తెలిసింది 13లో. ఆనాటి కంపైలర్ తను నిలబడిన చోటునే వేలు పెట్టి చూపించింది. అబద్ధం చెప్పలేదు పాపం. తనకు ఎక్కడ తెలిసిందో చెప్పింది. మనకు కావలసింది ఎక్కడ జరిగిందో.

రస్ట్ పార్సర్ ఇదే చోట ఒక అడుగు వెనక్కి వేస్తుంది. ఇందాక చదివిన టోకెన్ ఎక్కడ ముగిసిందో దానికి గుర్తుంటుంది. ఇప్పుడు చేతిలో ఉన్న పదం వేరే గీతలో ఉందా అని చూస్తుంది. ఉంటే, పై గీత చివర బాణం గుర్తు వేసి, ఇక్కడ సెమికోలన్ పెట్టండి అంటుంది. అక్కడితో ఆగదు. సెమికోలన్ ఉన్నట్టే అనుకుని మిగతాది చదివేస్తుంది, మిగతా తప్పులూ ఒకేసారి చెప్పడానికి. మూలంలో ఇది పెద్ద కోడేమీ కాదు. ఆ నాలుగు గీతల కోడ్ 1988లో మా ల్యాబ్‌లో ఉండి ఉంటే అన్న ఆలోచన నన్ను ఈ పనిలోకి తెచ్చింది.

మాస్టారు ఏ ఊరి పిల్లలు ఏ తప్పు రాస్తారో ముందే చెప్పేవారు. ఒక ఊరివాళ్లు 'ళ'కి 'ల' రాస్తారు, ఇంకో ఊరివాళ్లు వత్తులు మింగుతారు. రస్ట్ పార్సర్‌కీ ఆ జ్ఞానం ఉంది. ఇంకో భాష నుంచి వచ్చినవాడు అలవాటు కొద్దీ రెండు ప్లస్సులు పెడితే, రస్ట్‌లో ఇది లేదు, ఒకటి కలపాలంటే ఇలా రాయండి అంటుంది. పైథాన్ నుంచి వచ్చినవాడు 'అండ్' అని అక్షరాలతో రాస్తే, రెండు యాంపర్‌శాండ్లు పెట్టమంటుంది. అంటే, భాషలో లేని వ్యాకరణాన్ని కూడా కంపైలర్ కొంత నేర్చుకుంది, పొరపాటున వచ్చేవాళ్ల కోసం. ఒప్పు ప్రోగ్రాముల్ని చదవడం తేలిక. రాసేవాళ్లు ఎప్పుడూ పంపేవి మాత్రం సగం సగం తప్పులతోనే. నా లెక్కలో కంపైలర్ అసలు పని ఇక్కడే మొదలవుతుంది.

చెట్టు తయారయ్యాక మాక్రోలు విప్పుతారు. మాక్రో అంటే పొట్టి రాత, దాని స్థానంలో పూర్తి కోడ్ వస్తుంది. నా తప్పు ఒకటి ఇక్కడే జరిగింది, తర్వాత చెబుతాను. పేర్లు ఎవరివో తేల్చేదీ ఇక్కడే. పద్యంలో 'అతడు' అంటే ఎవరు అని అడిగినట్టు, 'మార్కులు' అన్నారు, ఏ మార్కులు? ఎక్కడ చెప్పారు? ఆ పేరు లేకపోతే దగ్గరి పోలిక ఉన్న పేర్లు వెతికి, ఇదా మీరు అనుకున్నది అని అడుగుతుంది. ఎన్ని అక్షరాలు మారిస్తే ఈ పేరు ఆ పేరవుతుందో లెక్కగట్టి, పేరు పొడుగులో సుమారు మూడో వంతు లోపు ఉంటేనే అడుగుతుంది. అంతకు మించితే ఊరుకుంటుంది. తెలియనప్పుడు ఊరుకోవడం కూడా నేర్పాల్సి వచ్చింది దానికి.

ఆ తర్వాత యోగ్యత. నిప్పుతో మొక్కలు తడిపాడు అంటే కర్త, కర్మ, క్రియ అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అన్వయం కుదిరింది, కానీ నిప్పుకి తడిపే యోగ్యత లేదు. కంపైలర్‌లో దీన్ని టైప్ చెకింగ్ అంటారు. అంకె ఉండాల్సిన చోట అక్షరాల వరస ఇస్తే ఇక్కడ పట్టుబడుతుంది. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం తప్పు దొరికాక అది చేసే పని. 'మార్కులు' ఏ రకమో తేల్చలేకపోయింది అనుకోండి. ఆ పేరు తర్వాత ముప్పై చోట్ల వాడారు. ముప్పై చోట్లా తప్పు అని అరిస్తే రాసినవాడు హడలిపోతాడు. పాత కంపైలర్లు అలాగే అరిచేవి. తెర నిండిపోయి పైనున్న అసలు తప్పు కనబడకుండా పోయేది. రస్ట్ కంపైలర్ ఆ పేరుకి 'ఎర్రర్' అనే ప్రత్యేక రకం ఇస్తుంది. ఆ రకం దేనితోనైనా సర్దుకుపోతుంది, ఎవరితోనూ పేచీ పెట్టదు. దాంతో ఒక తప్పుకి ఒక్కసారే తిట్లు. మరి ఈ సర్దుబాటు మాటున నిజంగా తప్పున్న ప్రోగ్రాము చడీచప్పుడు లేకుండా దాటిపోతే? అందుకని, తప్పు ఇప్పటికే వాడికి చెప్పాం అనడానికి రసీదు ఒకటి పెట్టారు. ఆ రసీదు లేకుండా 'ఎర్రర్' రకాన్ని తయారుచేయడానికి మూలమే ఒప్పుకోదు. రసీదు పేరు ఎర్రర్ గ్యారంటీడ్. కొత్తవాళ్లు మూలం తెరవగానే ఎక్కడ చూసినా ఇదే పేరు కనిపించి కంగారుపడతారు. ఇంతే దాని కథ.

రస్ట్‌కి పేరు తెచ్చింది తర్వాతి మెట్టు, అరువుల తనిఖీ. బారో చెకర్ అంటారు. మన హాజరు పట్టీ తీసుకోండి. చూడటానికి ఎంతమందైనా ఒకేసారి చూడవచ్చు. దిద్దేటప్పుడు మాత్రం ఒక్కరి చేతిలోనే ఉండాలి, అప్పుడు ఇంకెవరూ చూడకూడదు కూడా. సగం దిద్దినది చూసి ఎవరో ఎవరికో గైర్హాజరు వేస్తారు. పట్టీ వేరేవారికి అప్పగించేశారంటే మీ దగ్గర ఇక లేదు. ఈ నియమాలు ప్రోగ్రాము నడవకముందే, చదివేటప్పుడే తనిఖీ చేస్తుంది. అప్పగించేసిన విలువను మళ్లీ వాడితే ఇ0382 అనే నంబరుతో తప్పు వస్తుంది. ఆ సందేశం ఎలా ఉంటుందో చూడండి. ఇక్కడ విలువ చేతులు మారింది అని ఒక గీత చూపిస్తుంది. ఆ తర్వాత ఇక్కడ మళ్లీ వాడారు అని ఇంకో గీత. ఎందుకు చేతులు మారిందో ఆ విలువ రకాన్ని బట్టి చెబుతుంది. చివర, కావాలంటే నకలు తీసి ఇవ్వండి అని ఉపాయం. జరిగిన చోటు, కనబడిన చోటు, రెండూ ఒకే సందేశంలో. మా వాడికి ఇది చూపిస్తే, "మేస్త్రీకి కూడా నేను ఇంత వివరంగా చెప్పనురా" అన్నాడు.

ఈ తనిఖీ మొదట్లో మొరటుగా ఉండేది. అరువు తీసుకున్నది ఆ బ్రాకెట్ మూసేదాకా అరువులోనే ఉన్నట్టు లెక్క. పని అయిపోయినా సరే. దాంతో ఒప్పు ప్రోగ్రాముల్నీ తిప్పికొట్టేది. చెట్టు ఆకారంలో చూస్తే అంతకంటే తెలియదు. అందుకని చెట్టును ఇంకో రూపంలోకి, మిర్ అనేదానిలోకి మార్చారు. మిర్ అంటే మన కాలవల పటం లాంటిది. నీళ్లు ఎక్కడ చీలతాయి, ఏ తూము మూస్తే ఎటు పోతాయి, ఎక్కడ మళ్లీ కలుస్తాయి. ప్రోగ్రాము నడిచే దారులన్నీ అలా గీసి, ఈ అరువు ఆఖరిసారి ఎక్కడ వాడారు అని దిగువ నుంచి ఎగువకు వెతుక్కుంటూ వస్తారు. ఆఖరి వాడకం దగ్గరే అరువు తీరింది. 2018 డిసెంబరులో 1.31తో ఇది వాడుకలోకి వచ్చింది.

మిర్ తర్వాత కథ ఎల్ఎల్‌విఎమ్ అనే ఇంకో పెద్ద యంత్రాంగానిది. 2000లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ లాట్నర్, విక్రమ్ అడ్వే మొదలుపెట్టారు. రస్ట్ ఒక్కటే కాదు, చాలా భాషలు తమ పనిని దానికే అప్పగిస్తాయి. వేగం పెంచడం, ఏ ప్రాసెసర్‌కి ఆ అంకెలు రాయడం దాని పని. అది వేరే ఊరు, నేను అక్కడికి పెద్దగా వెళ్లను.

పుస్తకాల్లో చెప్పినట్టు ఈ మెట్లన్నీ వరసగా ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయని అనుకోకండి. రస్ట్ కంపైలర్‌లో సగం నుంచి ఇది ప్రశ్న-జవాబు పద్ధతి. ఈ ఫంక్షన్ రకమేమిటి అని ఎవరికో అవసరం వస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు కోసం ఇంకో రెండు ప్రశ్నలు పుడతాయి. ఒకసారి వచ్చిన జవాబు రాసిపెట్టుకుంటారు. మీరు ఒక గీత మార్చి మళ్లీ కంపైల్ చేస్తే, ఆ గీత మీద ఆధారపడ్డ జవాబులే మళ్లీ లెక్కిస్తారు. మూలం చదివేటప్పుడు 'తర్వాత ఏం జరుగుతుంది' అని వెతికితే దారి తప్పుతారు. 'ఇది ఎవరు అడిగారు' అని వెతకండి.

ఇంకో తికమక కూడా ముందే చెప్పేస్తాను. రస్ట్ కంపైలర్‌ని రస్ట్‌లోనే రాశారు. మరి దాన్ని కంపైల్ చేసేదెవరు? పెరుగు తోడుపెట్టడానికి పెరుగు కావాలి కదా, అలాగే. మొట్టమొదటి తోడు ఓకామల్ అనే వేరే భాషలో రాసిన కంపైలర్. 2011లో రస్ట్ తనను తాను కంపైల్ చేసుకుంది. అప్పటి నుంచి నిన్నటి పెరుగుతో ఇవాళ్టి పెరుగు. మీరు మూలం దింపుకుని బిల్డ్ చేస్తే ముందు పాత కంపైలర్ ఒకటి దానంతటదే దిగుతుంది, అది మొదటి తోడు. దానితో మీ మార్పులున్న కంపైలర్ తయారవుతుంది. తోడులోనే దోషం ఉంటే ప్రతి గిన్నెలోకీ పాకుతుంది. మూలంలో ఎక్కడా కనబడకుండా అలా దోషం దాచవచ్చని కెన్ థాంప్సన్ తన ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలో చేసి చూపించాడు. ఇక్కడ సైబర్ సెక్యూరిటీ చదివేవాళ్లుంటే ఆ ప్రసంగం వెతికి చదవండి, మూడు పేజీలే.

ఇప్పుడు నా తప్పు.

నలభై ఏడేళ్ల వయసులో మొదటి మార్పు పంపాను. ఫంక్షన్‌కి విలువ కాకుండా అరువు ఇవ్వాల్సిన ఒక సందర్భంలో సందేశం ముక్తసరిగా ఉండేది. ఇక్కడ యాంపర్‌శాండ్ పెట్టండి అనే ఉపాయం కలిపాను. ఇరవై గీతలు లేవు. అయితే కంపైలర్‌లో ప్రతి సందేశానికీ పరీక్ష ఉంటుంది. తప్పు ప్రోగ్రాము ఒక ఫైలు, దానికి రావలసిన సందేశం అక్షరం పొల్లు పోకుండా పక్కన ఇంకో ఫైలు. అలాంటి జతలు వేలకొద్దీ ఉన్నాయి. నా మార్పుతో నలభై పైచిలుకు ఫైళ్లు తేడా చూపించాయి. కొత్త సందేశాలే సరైనవని ఒప్పుకుని ఫైళ్లన్నీ ఒకేసారి తిరగరాయడానికి ఒక ఆజ్ఞ ఉంది. దాని పేరు బ్లెస్. అంటే ఆశీర్వదించడం. నేను ఆశీర్వదించేశాను. పెళ్లిలో వెనక వరసలో కూర్చుని అక్షింతలు విసిరినట్టు, ఎవరి మీద పడుతున్నాయో చూడకుండా.

దానికి తోడు ఇంకోటి. కంపైలర్ ఇచ్చే ప్రతి ఉపాయానికీ ఎంత నమ్మకమో రాసేవాడు చెప్పాలి. యంత్రమే సొంతంగా దిద్దేయవచ్చు అనేది ఒక మెట్టు. తప్పు కావచ్చు, మనిషి చూసుకోవాలి అనేది ఇంకోటి. ఖాళీలు మీరు నింపుకోవాలి అనేది మూడోది. ఏమీ చెప్పలేం అనేది కూడా ఉంది. నేను దర్జాగా మొదటిది పెట్టాను. ముప్పై ఏళ్ల అనుభవం కదా.

పరిశీలించిన వ్యక్తి రెండు రోజుల తర్వాత రాశారు: చాలా బాగుంది, ఒక్క ప్రశ్న, ఆ కోడ్ మాక్రో లోపల నుంచి వచ్చి ఉంటే? నేను ఆశీర్వదించిన ఫైళ్లలో ఫలానాది చూడండి. చూశాను. అందులో నా ఉపాయం, రాసినవాడి ప్రోగ్రామును కాకుండా, మాక్రో ఉన్న ప్రామాణిక లైబ్రరీ ఫైలును దిద్దమంటోంది. వాడిది కాని ఫైలు, వాడు చేయని తప్పు. నమ్మకం మాత్రం నూరు శాతం. ఏ కుర్రాడో అది నమ్మి ఆ ఫైలు తెరిచి కూర్చునేవాడు. 13వ గీత ముందు కూర్చున్నట్టు. మా వాడి కోసమని మొదలుపెట్టిన పనిలో మా వాడికి జరిగిందే ఇంకొకరికి చేయబోయాను. ఆ రాత్రి నలభై ఫైళ్లూ ఒక్కొక్కటే చదివాను. ఇంకో రెండు దొరికాయి. మాక్రో నుంచి వచ్చినదైతే ఉపాయం చెప్పకుండా ఊరుకునేట్టు, మిగతా చోట్ల నమ్మకాన్ని ఒక మెట్టు దించి మళ్లీ పంపాను. ఆ ప్రశ్న అడిగింది డిగ్రీ చదువుకునే అమ్మాయి అని చాలా రోజులకు తెలిసింది.

చేరదామనుకునేవాళ్లకు ఇక నాలుగు మాటలు. మూలం మొత్తం చదివి మొదలెడదామనుకోకండి, మొత్తం చదివినవాళ్లు ఎవరూ నాకు తగల్లేదు. మీరు రస్ట్ నేర్చుకుంటూ ఉండగా మిమ్మల్ని తికమకపెట్టిన సందేశం ఒకటి రాసిపెట్టుకోండి. ఆ తికమక ఉన్న రోజులే మీకు బలం. రెండేళ్లు పోతే నాలాగే మీకూ అది కనబడటం మానేస్తుంది. ఆ సందేశంలో మాటలు మూలంలో వెతికితే అది పుట్టిన చోటు దొరుకుతుంది. దొరక్కపోతే 'ట్రీట్ ఎర్ యాజ్ బగ్' అనే జెడ్ ఫ్లాగు ఉంది. అది పెడితే ఆ తప్పు చెప్పబోయే క్షణంలోనే కంపైలర్ కుప్పకూలి, తను ఏ దారిన అక్కడికి వచ్చిందో మొత్తం చూపిస్తుంది. ముందు పరీక్ష ఫైలు రాయండి, తర్వాత మార్పు. ఆశీర్వదించే ముందు చదవండి. బిల్డ్‌కి పదుల జీబీ ఖాళీ స్థలం, చాలా ఓపిక కావాలి. అందరికీ తెరిచి ఉన్న తప్పుల జాబితాలో 'ఇ-ఈజీ' అని చీటీ ఉన్నవాటితో మొదలుపెట్టండి, 'ఈజీ' అన్న మాటను మరీ నమ్మకుండా.

నిన్న భోజనాల దగ్గర తెలుగు మాస్టారు, ఆ సందేశాలు తెలుగులో రావా అని అడిగారు. సందేశాలను ఇతర భాషల్లోకి తేవడానికి 2022లో రస్ట్ వాళ్లు ఒక ప్రయత్నం మొదలుపెట్టారు. అనుకున్నంత ముందుకు సాగలేదు. సందేశం మధ్యలో ప్రోగ్రాములోని పేరు వచ్చి కూర్చుంటుంది. ఇంగ్లీషులో ఆ పేరు ఎలా ఉన్నది అలా ఉంటుంది. మనకు ఆ పేరుకి 'ను' తగిలించాలా 'ని' తగిలించాలా అన్నది పేరు చివరి అచ్చును బట్టి ఉంటుంది. ఆ పేరేమో ఎవరో ఎక్కడో పెట్టింది, పైగా ఇంగ్లీషు లిపిలో. ఇది వ్యాకరణం తెలిసినవాళ్లు కూర్చోవలసిన పని, నాలాంటివాళ్ల వల్ల కాదు. 'విలువ ఇక్కడ చేతులు మారింది' అని మొదటి ముక్క మాస్టారే అనువదించి ఇచ్చారు. అదే ఇందాక మీకు చెప్పింది.

పదో తరగతి బి సెక్షన్ గదిలో నా ల్యాప్‌టాప్, ఇంకో రెండు పెట్టాను. ఇక్కడి ఇంటర్నెట్ సంగతి తెలుసు కాబట్టి మూలం, తోడు కంపైలర్ ముందే దింపి తెచ్చాను. మూడు చిన్న తప్పులు ఎంచి ఉంచాను, ఒకటి సెమికోలన్‌దే. భోజనాలయ్యాక రండి. మా వాడు కూడా వస్తానన్నాడు, సెమికోలన్ లెక్క తేల్చుకోవాలట. గదిలో ప్లగ్గు పాయింట్లు రెండే ఉన్నాయి, ఎక్స్‌టెన్షన్ బాక్సు ఉన్నవాళ్లు తెచ్చుకోండి.